బిగిస్తే కుదరదు!

గురక జబ్బుకు, మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే సీపాప్ మెషిన్ మంచి చికిత్స. కానీ మాస్కు ముఖానికి సరిగ్గా అమరకపోతే ఆ గాలి గొంతుదాకా చేరదు. అటకెక్కిన మెషిన్లలో చాలావాటిది ఇదే కథ.

2023 జూన్ నెలాఖరులో ఒకరోజు అప్పటి అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ విలేకరుల ముందుకొచ్చారు. ఆయన ఏం మాట్లాడారన్నది పక్కకు పోయింది. ముఖం మీద లోతుగా పడిన గీతలు వార్తయ్యాయి. ఆయనకు నిద్రలో ఊపిరి ఆగే జబ్బుందనీ, రాత్రి సీపాప్ పెట్టుకుని పడుకున్నారనీ, అవి మాస్కు పట్టీల గుర్తులనీ వైట్‌హౌస్ చెప్పాల్సి వచ్చింది. రాజకీయ పండితులు ఆయన వయసు మీద చర్చ పెట్టుకున్నారు. సీపాప్ వాడేవాళ్లు మాత్రం ఆ ఫొటో చూసి, ‘పాపం, ఈయన కూడా మనలాగే బెల్టు బిగించాడు’ అనుకుని ఉంటారు.

అగ్రరాజ్యాధినేతకే తప్పని తంటా మనకెలా తప్పుతుంది? స్లీప్ స్టడీ చేయించుకుని, డాక్టర్ రాసిచ్చిన మెషిన్‌ను వేలకు వేలు పోసి కొంటాం. మొదటి వారం ఇల్లంతా ఉత్సాహమే. రెండో వారానికి సణుగుడు మొదలవుతుంది. ‘గాలి కళ్లలోకి కొడుతోంది.’ ‘ముక్కు మీద పుండు పడింది.’ ‘రాత్రంతా బుస్సుమని ఆ చప్పుడేంటండీ, మీ గురకే నయం!’ నెల తిరిగేసరికి మెషిన్ సంచీలోకీ, సంచీ బీరువా మీదకీ చేరుతుంది. ‘నాకు పడలేదు’ అని తీర్పు కూడా వెలువడుతుంది. ఆ మూడు ఫిర్యాదుల్లో ఒక్కటీ మెషిన్ మీద కాదు. మూడూ మాస్కు మీదే.

గురక ఆగినప్పుడే భయపడాలి

గురక అంటే మనకు ఇప్పటికీ నవ్వులాటే. కుంభకర్ణుడితో పోల్చి ఊరుకుంటాం. లోపల జరిగేది వేరు. మెలకువలో గొంతు కండరాలు బిర్రుగా ఉండి ఊపిరి దారిని తెరిచి ఉంచుతాయి. నిద్ర పట్టగానే వదులవుతాయి. కొందరిలో నాలుక వెనక్కి జారి, కొండనాలుక చుట్టూ ఉండే మెత్తటి భాగం కిందికి వాలి, దారి ఇరుకవుతుంది. ఆ ఇరుకులోంచి గాలి పోతుంటే పుట్టే అదురే గురక. దారి పూర్తిగా మూసుకుపోతే గురక ఆగిపోతుంది. పక్కన పడుకున్నవాళ్లు ‘అమ్మయ్య’ అనుకునేది సరిగ్గా అప్పుడే. పది సెకన్లో, అంతకన్నా ఎక్కువో ఊపిరి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. పెద్ద చప్పుడుతో మళ్లీ గాలి అందుతుంది. ఇలా గంటకు ఎన్నిసార్లు జరుగుతోందో స్లీప్ స్టడీ లెక్కగడుతుంది. పెద్దవాళ్లలో 5 లోపు ఉంటే జబ్బు లేనట్టు. 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. ఈ జబ్బునే అబ్‌స్ట్రక్టివ్ స్లీప్ ఆప్నియా అంటారు. లొంగని బీపీ, గుండె జబ్బు, పగలంతా తూగు, స్టీరింగ్ ముందు కునుకు... అన్నిటికీ దీనితో చుట్టరికం ఉంది.

‘సింహాసనం’, ‘గ్యాంగ్ లీడర్’ పాటలతో తెలుగువాళ్లను ఊపేసిన బప్పీ లహరి 2022 ఫిబ్రవరి 15 రాత్రి ముంబయిలో కన్నుమూశారు. కారణం ఈ జబ్బేనని వైద్యులు ప్రకటించాక మన పత్రికల్లో దీని గురించి నాలుగు రోజులు రాశారు. తర్వాత మరిచిపోయాం. దేశంలో దీని బారిన పడినవాళ్లు 10 కోట్ల పైనే ఉంటారని 2023లో ఎయిమ్స్ వైద్యులు అంచనా కట్టారు. వాళ్లలో పరీక్షదాకా వచ్చేవాళ్లే తక్కువ. వచ్చి, మెషిన్ కొని కూడా మాస్కు దగ్గర ఆగిపోవడం మరీ అన్యాయం.

జిగురుతో అతికించిన తొలి మాస్కు

మాస్కుతో పేచీ ఇవాళ్టిది కాదు. సీపాప్ పుట్టిన రోజే అదీ పుట్టింది. 1980కి ముందు ఈ జబ్బు ముదిరితే గొంతుకు కోత పెట్టి గొట్టం అమర్చడమే దారి. ఆ ఏడాది జూన్‌లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో డాక్టర్ కాలిన్ సలివన్ దగ్గరికి ఒక భవన నిర్మాణ కార్మికుడు వచ్చాడు. జబ్బు తీవ్రంగా ఉంది, గొంతు కోతకు మాత్రం ససేమిరా అన్నాడు. సలివన్ అంతకుముందు కెనడాలో నిద్రపోయే కుక్కల శ్వాస మీద పరిశోధన చేసి వచ్చినవాడు. కుక్కల మూతికి మాస్కు అమర్చిన అనుభవం ఉంది. ముక్కులోంచి కాస్త ఒత్తిడితో గాలి పంపిస్తే వాలిపోయే గొంతు తెరుచుకునే ఉంటుందేమో చూద్దామనుకున్నాడు. చూశాడు. ఆ రాత్రి రోగి ఊపిరి ఆగకుండా నిద్రపోయాడు. ఐదుగురు రోగుల ఫలితాలు 1981లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చాయి.

గాలి సంగతి సులువుగానే తేలింది. వాక్యూమ్ క్లీనర్ మోటారును తిరగేసి, పీల్చే దాన్ని ఊదే దానిగా మార్చారు. కష్టమంతా గాలి పక్కలకు పోకుండా ఆపడంలోనే వచ్చింది. ఒక్కొక్కరి ముక్కుకూ ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఫైబర్‌గ్లాస్‌తో మాస్కు పోసి, రోజూ రాత్రి సిలికాన్ జిగురుతో ముఖానికి అతికించేవారు. తెల్లారాక పీకి శుభ్రం చేసుకోవాలి. మళ్లీ రాత్రికి అతికించాలి. ఆ రోగుల ఓపికకు దండం పెట్టాలి. కానీ మనం కొట్టిన చప్పట్లన్నీ మోటారుకే పోయాయి. నన్నడిగితే ఈ చికిత్సను ఇంటింటికీ చేర్చిన ఘనత, జిగురు అవసరం లేకుండా చేసిన మెత్తటి సిలికాన్ కుషన్‌దే.

గాలిని ఆపేది పట్టీ కాదు

ఆ కుషన్ ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం బాధ తీరుతుంది. మీ మాస్కు అంచును వేలితో తడిమి చూడండి. చాలా మాస్కుల్లో రెండు పొరలు తగులుతాయి. లోపలిది కాస్త మందం. ముఖానికి తగిలేది ఉల్లిపొరలా పలుచన. మెషిన్ ఆన్ చేయగానే ఆ పలుచని పొర వెనక గాలి నిండుతుంది. పొర ఉబ్బి, చెంప ఎత్తూ ముక్కు పల్లమూ చూసుకుని తనే ఒదిగిపోతుంది. అంటే లీకును ఆపేది లోపలున్న గాలే. పట్టీ పని మాస్కును కదలకుండా నిలబెట్టడం వరకే.

బిగిస్తే ఏమవుతుంది? ఉబ్బాల్సిన పొర నలిగి మడత పడుతుంది. మడత దగ్గర సందు ఏర్పడి గాలి అందులోంచి తన్నుకొస్తుంది. లీకవుతోందని మనం ఇంకో లాగు లాగుతాం. ఇంకో మడత పడుతుంది. తెల్లారి అద్దంలో చూసుకుంటే ముక్కుదూలం మీద ఎర్రగా కమిలి ఉంటుంది. అక్కడ చర్మం కింద కండ లేదు, ఎముకే. ఒత్తిడి నాలుగు రాత్రులు ఆగకుండా పడితే పుండే.

కాస్త లెక్క చూద్దాం. సీపాప్ ఒత్తిడిని సెంటీమీటర్ల నీటి మట్టంలో కొలుస్తారు. మెషిన్లు మామూలుగా 4 నుంచి 20 దాకా ఇస్తాయి. 10 అంటే పది సెంటీమీటర్ల లోతు నీళ్లు అడుగున ఎంత నొక్కుతాయో అంత. చదరపు సెంటీమీటరుకు 10 గ్రాములు. మన చుట్టూ ఉన్న వాతావరణ పీడనంలో ఒక్క శాతం. ముక్కు మీద పెట్టే మాస్కు 30 చదరపు సెంటీమీటర్లుందనుకుంటే గాలి దాన్ని బయటికి నెట్టే బలం 300 గ్రాములు. ముక్కూ నోరూ కప్పే పెద్ద మాస్కు దానికి రెట్టింపుంటే 600 గ్రాములు. పట్టీలు కాయాల్సింది ఆ కాస్త బరువే. దానికి ట్రంకుపెట్టె కట్టినట్టు కట్టక్కర్లేదు. పెద్ద మాస్కు ఎక్కువ లీకెందుకవుతుందో కూడా ఈ లెక్కే చెబుతోంది. నెట్టే బలమూ ఎక్కువ, కాపాడాల్సిన అంచు పొడవూ ఎక్కువ.

అన్నట్టు, మాస్కు ముందువైపో, పైపు కలిసేచోటో సన్నటి రంధ్రాలుంటాయి. అక్కడ్నుంచి గాలి పోతూనే ఉండాలి. మనం వదిలిన ఊపిరి, అందులోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయే దారి అదే. ‘లీకు దొరికింది’ అని వాటి మీద ప్లాస్టర్ వేసేరు, ప్రమాదం. ఆసుపత్రుల్లో వెంటిలేటర్లకు వాడే మాస్కుల్లో కొన్నిటికి ఈ రంధ్రాలు ఉండవు. గుర్తు కోసం వాటి మలుపు గొట్టం సాధారణంగా నీలం రంగులో ఉంటుంది. ఎవరో ఇచ్చారని అలాంటిది ఇంట్లో సీపాప్‌కు తగిలించకూడదు.

పడుకుని చూడకపోతే చూడనట్టే

మాస్కు కొనేటప్పుడు జరిగేది మీకు తెలిసిందే. కుర్చీలో కూర్చోబెడతారు. మాస్కు పెడతారు. ‘బాగుందా సార్?’ అంటారు. బాగానే ఉంటుంది. గాలి లేదు, మీరు పడుకోలేదు, ముఖం బిగువుగా ఉంది. రాత్రి పరిస్థితి అది కాదు. వెల్లకిలా పడుకుంటే చెంపలు చెవుల వైపు జారతాయి. నిద్రలో దవడ వదులవుతుంది. పక్కకు తిరిగితే దిండు మాస్కును ఒక వైపు నుంచి నెడుతుంది. కూర్చుని సరిచూసిన మాస్కు ఈ మూడింటిలో దేనికీ సిద్ధంగా ఉండదు.

అందుకే రాత్రి ఇలా చేసి చూడండి. పట్టీలన్నీ వదులు చేసి మాస్కు పెట్టుకోండి. మీరు పడుకునే దిండు మీద, పడుకునే తీరులోనే పడుకోండి. మెషిన్ ఆన్ చేయండి. చాలా మెషిన్లలో ‘మాస్క్ ఫిట్’ అని ఒక సదుపాయం ఉంటుంది. రాత్రి రావాల్సిన ఒత్తిడికి దగ్గరగా కాసేపు గాలి వదులుతుంది. అది నడుస్తుండగా మాస్కును మొదలు దగ్గర పట్టుకుని ముఖం నుంచి కొద్దిగా ముందుకు లాగి, కుషన్ ఉబ్బనిచ్చి, నెమ్మదిగా మళ్లీ ఆనించండి. చాలా లీకులు ఈ ఒక్క పనితో పోతాయి. ఇంకా ఉంటే అప్పుడు పట్టీల జోలికి వెళ్లండి. ఎక్కువ మాస్కులకు ముందు పై పట్టీలు, తర్వాత కిందివి. రెండు వైపులా సమానంగా, కొంచెం కొంచెంగా. పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి. దూరకపోతే బిగువు ఎక్కువైనట్టే. పక్కకు తిరిగి, మళ్లీ చూడండి.

గాలి కళ్లలోకి కొడుతుంటే అందరూ పైన బిగిస్తారు. దానికి ముందు కింది పట్టీ మరీ బిగిసి మాస్కు పైకి ఎక్కిందేమో చూడాలి. సైజు పెద్దదైనా ఇదే బాధ. పెద్దది హాయిగా ఉంటుందని మనకో నమ్మకం. చెప్పులకు పనికొస్తుందేమో గానీ మాస్కుకు పనికిరాదు. సైజు పెద్దదైన మాస్కు అంచు కంటి మూలకు పాకుతుంది. రాత్రంతా ఆ గాలి కొడితే కళ్లు ఎండి, ఎర్రబడతాయి. కంపెనీలు సైజు కొలిచే అట్టను ఇస్తాయి. ముక్కు మాస్కుకు ముక్కు వెడల్పు, పెద్ద మాస్కుకు ముక్కుదూలం నుంచి కింది పెదవి కింద వరకు కొలవాలి. అమెరికాలో ఉన్న కొడుకో కూతురో ‘మంచి కంపెనీ’ అని కొని పంపిన మాస్కులు తరచూ కుదరనిది ఇందుకే. కంపెనీ మంచిదే. కొలత తీసుకోలేదు, అంతే.

పైపు కూడా మాస్కును లాగుతుంది. మంచం పక్కనుంచి కిందికి వేలాడదీస్తే మీరు తిరిగినప్పుడల్లా ఒక పక్కకు ఈడుస్తుంది. తల వైపు గోడకో, మంచం కోడుకో ఆనించి పైనుంచి వచ్చేలా చూసుకుంటే ఆ పోరు తగ్గుతుంది.

మీసం, ముక్కుపుడక, కట్టుడు పళ్లు

మాస్కుతో వచ్చే కరపత్రంలో మన ఇళ్ల సంగతులుండవు. ముందు మీసం. ముక్కు రంధ్రాల్లో ఆనే చిన్న మాస్కులు, అంటే పిల్లో మాస్కులు, మీసం మీద కొంత సర్దుకుంటాయి. ముక్కు మొత్తాన్ని కప్పే మాస్కు కింది అంచు సరిగ్గా మీసం మీదే కూర్చుంటుంది. వెంట్రుకల సందుల్లోంచి గాలి పోతుంది. మీసం తీసేయమని తెలుగు మగవాడికి చెప్పే ధైర్యం నాకు లేదు. పై పెదవి దగ్గర అంచును కత్తిరించుకోమని మాత్రం చెప్పగలను. గడ్డానికైతే పెద్ద మాస్కు దాదాపు ఎప్పుడూ లీకే. మరీ ఇబ్బంది మూడు రోజుల గడ్డంతో. మొలకలు గుచ్చుకుని సిలికాన్‌ను నిలవనివ్వవు. అయితే పూర్తిగా గీసేయండి, లేకపోతే పెంచండి.

ఆడవాళ్లకు ముక్కుపుడక. మాస్కు అంచు దాని మీద కూర్చుంటే లీకు కన్నా ముందు పుండు పడుతుంది. రాత్రికి తీయడం కుదిరితే సరే. తీయడం ఇష్టం లేనివాళ్లకు ముక్కుపుడకను తాకకుండా కూర్చునే నమూనా వెతికి ఇవ్వాల్సింది అమ్మేవాళ్లే. ‘తీసేయండమ్మా’ అని ఒక్కమాటతో తేల్చేస్తే ఆవిడ తీసేది ముక్కుపుడకను కాదు, మాస్కును. జడ, కొప్పు కూడా తల వెనక పట్టీని పైకి నెడతాయి. జడను పట్టీ కింద నుంచి వదులుగా తీసుకోవాలి. తిరుమల వెళ్లి తలనీలాలిచ్చి వచ్చిన వారం పట్టీలు కొద్దిగా లాగాల్సి వస్తుంది. జుట్టు పెరిగేకొద్దీ మళ్లీ వదలడం మరిచిపోకండి.

పెద్దవాళ్ల విషయంలో కట్టుడు పళ్లు అసలు మెలిక. పగలు షాపులో పళ్లతో మాస్కు చూసుకుంటారు. రాత్రి పళ్లు తీసి నీళ్లలో వేస్తారు. దవడ లోపలికి పోతుంది, ముఖం ఆకారమే మారుతుంది. పళ్లు తీసి పడుకునేవాళ్లు పళ్లు తీసిన తర్వాతే మాస్కు చూసుకోవాలి. బరువు బాగా తగ్గినా, పెరిగినా అంతే. మళ్లీ కొలత.

కొబ్బరినూనె, క్రీములు, చెమట... ఇవి సిలికాన్‌ను జార్చేస్తాయి. కోస్తాలో మే నెల రాత్రి మాస్కు ముఖం మీద నిలవలేదంటే పట్టీ తప్పు కాదు. పడుకునే ముందు ముఖం సబ్బుతో కడిగి, తుడిచి, క్రీము రాయకుండా మాస్కు పెట్టుకోండి. చర్మం ఒరుసుకుపోయేవాళ్లకు కుషన్ మీద తొడిగే మెత్తటి గుడ్డ లైనర్లు దొరుకుతాయి. చెమట పీలుస్తాయి కూడా. ముక్కుదూలం ఇప్పటికే కమిలి ఉంటే అది మానేదాకా అక్కడ తగలని పిల్లో మాస్కుకు మారడం మేలు.

నోరు తెరుచుకుంటే?

‘నేను నోటితో ఊపిరి తీస్తాను, నాకు పెద్ద మాస్కే కావాలి’ అంటారు చాలామంది. అమ్మేవాళ్లకూ అదే తేలిక. కానీ అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు ముందు ముక్కు మాస్కునే ఎంచమంటున్నాయి. ముక్కు దిబ్బడకు వైద్యం చేయించుకుని, మెషిన్‌కుండే హ్యుమిడిఫయర్‌తో గాలికి తేమ కలిపితే నోరు మూసుకునేవాళ్లు ఎందరో. పొడి గాలికి ముక్కు వాచి, ముక్కు మూసుకుని నోరు తెరుచుకుంటుంది. నోట్లోంచి గాలి పోతే మెషిన్ ఇంకా గాలి పంపుతుంది, ముక్కు ఇంకా ఎండుతుంది. తేమ ఈ చక్రాన్ని ఆపుతుంది. అప్పటికీ కుదరకపోతే పెద్ద మాస్కు ఉండనే ఉంది. పక్షవాతం వంటివాటి వల్ల మాస్కును సొంతంగా తీసుకోలేనివాళ్లకు పెద్ద మాస్కు పెట్టే ముందు డాక్టర్‌ను అడగాలి. వాంతి అయితే ప్రమాదం.

ఆ తేమ కోసం పోసేది డిస్టిల్డ్ వాటరే కావాలి. మన బోరు నీళ్లు పోస్తే వారంలో అడుగున తెల్లటి పొలుసు కడుతుంది. ఏసీ గదిలో పైపు లోపల నీళ్లు చేరి గలగలమంటే పైపుకు గుడ్డ తొడుగు వేయండి, మెషిన్‌ను మంచం కన్నా కింద పెట్టండి. కరెంటు పోతే ఊపిరాడదేమోనని భయపడేవాళ్లకు ఒక మాట. పెద్ద మాస్కుల్లో గాలి ఆగగానే తెరుచుకునే కవాటం ఉంటుంది. ముక్కు మాస్కైతే నోరు ఎలాగూ ఖాళీయే. నిద్ర చెడుతుంది గానీ ప్రాణానికేం కాదు. ఇన్వర్టర్‌కు కలుపుకుంటే అదీ లేదు.

కుషన్‌ను రోజూ గోరువెచ్చటి నీళ్లు, మామూలు సబ్బుతో కడిగి నీడలో ఆరబెట్టాలి. స్పిరిట్, డెట్టాల్, ఎండ... మూడూ సిలికాన్‌ను చెడగొట్టేవే. ఎంత జాగ్రత్తగా వాడినా కొన్ని నెలలకు కుషన్ మెత్తబడి, పసుపుబారి, ఉబ్బే గుణం పోగొట్టుకుంటుంది. అప్పుడూ మనం చేసేది పట్టీ బిగించడమే. మాస్కు మొత్తం మార్చక్కర్లేదు, కుషన్ ఒక్కటీ విడిగా అడగండి. క్లిప్పుల్లో అయస్కాంతాలున్న మాస్కులు కొన్ని ఉన్నాయి. పెట్టుకునేవారికి గానీ, పక్కన పడుకునేవారికి గానీ పేస్‌మేకర్ ఉంటే అవి వద్దు. అయస్కాంతం అలాంటి పరికరాలకు కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉండాలని కంపెనీలే చెబుతున్నాయి.

ఎంత అమరిందో మెషిన్ తనే చెబుతుంది. పొద్దున తెరమీదో, ఫోన్ యాప్‌లోనో లీకు అంకె చూసుకోవచ్చు. రెస్‌మెడ్ కంపెనీ మెషిన్లలో నిమిషానికి 24 లీటర్లు దాటితే ఎక్కువని లెక్క. ఇంకో కంపెనీ మెషిన్ రంధ్రాల్లోంచి పోయే గాలిని కూడా కలిపి చూపవచ్చు కాబట్టి పక్కింటాయన అంకెతో పోల్చుకోకండి. మీ నిన్నటి అంకెతో పోల్చుకోండి. కొద్దిపాటి లీకును మెషిన్ సర్దుకుంటుంది. సున్నా చేయాలని రాత్రంతా బిగిస్తూ కూర్చుంటే నిద్రే పోతుంది.

మీ ఇంట్లో మూలపడిన సీపాప్ ఉంటే ఈ వారం దించండి. మాస్కు పట్టుకుని కొన్నచోటికి వెళ్లండి. మీరిచ్చిన డబ్బులో దాన్ని మీ ముఖానికి అమర్చిపెట్టే పని కూడా ఉంది. కుర్చీ చూపిస్తే వద్దనండి. పడుకోబెట్టి, మీ డాక్టర్ రాసిన ఒత్తిడి పెట్టి, గాలి ఆడుతుండగా అమర్చమనండి. రెండు మూడు నమూనాలు అలాగే పెట్టి చూపించమనండి. అందుకు ఒప్పుకోని షాపులో మాస్కు కొనకండి.